కుడివైపు నుంచి వచ్చే బండ్లు

మడికొండ దాటాక కొత్త రోడ్డు మీద వేసిన పెద్ద సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి నా నోటికి తాళం ఉండదు. నేను బడిలో పిల్లలకు తెలుగు చెప్పే మనిషిని. మామూలుగా మర్యాదగానే మాట్లాడతాను. అక్కడ మాత్రం కారు అద్దాలు ఎక్కించుకుని ఒక్కదాన్నే తిడుతూ కూర్చుంటాను. మూడు లైన్ల రోడ్డు, నాలుగు దిక్కుల నుంచి బండ్లు, నడుమ గడ్డి వేసిన గుండ్రటి తిన్నె. దాని చుట్టూ తిరగాల్సిన పద్ధతి ఒకటే. కానీ మనవాళ్ళకు తిరగమంటే ఎవరో శిక్ష వేసినట్టు ఉంటుంది. కుడికి పోవాల్సినవాడు అంత చుట్టు ఎందుకు దండగ అని ఎదురుగా రాంగ్ రూట్‌లోనే దూరిపోతాడు. ముందుకు పోవాల్సినవాడు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకుని, చెప్పాల్సింది చెప్పేశానన్న ధీమాతో మధ్యలోకి వచ్చేస్తాడు. బండి చెడిపోయి ఆగిందని చెప్పడానికి పెట్టిన లైట్లవి. వాటికి "సీదా పోతున్నా" అనే అర్థం కనిపెట్టిన ఘనత మనదే.

"నాలుగు లైట్లేసినోన్ని నమ్మకు. వాడు ఎటు పోతాండో వానికే ఎరుక లేదు" అనేవాడు మా ఆయన.

మా ఆయన టాక్సీ డ్రైవరు. సొంత కారు. కేసముద్రం మార్కెట్‌లో పత్తి, వడ్లు కొనే సేట్లను తిప్పేవాడు, ములుగు అవతలి అడవి ఊళ్ళ నుంచి రోగులను దవాఖానకు తెచ్చేవాడు, విమానం ఎక్కేవాళ్ళను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చేవాడు. పెళ్ళయిన కొత్తలో కొన్నేళ్ళు సౌదీలో కూడా నడిపాడు. చదువు నాకంటే తక్కువే గానీ, రోడ్డు మీద ఆయన ముందు నేను ఒకటో తరగతి. అందుకే ఆయన్ని నేను ఉస్తాద్ అని పిలిచేదాన్ని. మొదట్లో ఎగతాళికి పిలిచాను, తరువాత అదే అలవాటైపోయింది.

మా బడి మడికొండ అవతల కొత్తగా కట్టిన బిల్డింగ్‌లోకి మారినప్పుడు నాకు నడపడం నేర్పుతానన్నాడు. నలభైకి దగ్గరపడ్డాక ఏం నేర్చుకుంటానని వెనకాడాను. క్లచ్చు, గేరు ఎలాగో వచ్చాయి. కానీ ఆ సర్కిల్ పేరు చెబితే అరచేతులు చెమట పట్టేవి. తిరిగే బండ్ల మధ్యలోకి ఎప్పుడు దూరాలో నాకు అర్థమయ్యేది కాదు. చిన్నప్పుడు తిరిగే తాడు కిందికి దూకలేక గోడకు ఆనుకుని నిలబడిపోయే ఆడపిల్లను నేను.

ఒకరోజు వంటింట్లో గచ్చు మీద పెద్ద స్టీలు పళ్ళెం బోర్లించాడు. నేను బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో దాని చుట్టూ గీతలు గీసి మూడు లైన్లు చేశాడు. ఉల్లిగడ్డ లారీ అన్నాడు. ఎల్లిగడ్డ రెబ్బలు కార్లు. చింతగింజలు మోటార్ సైకిళ్ళు. నేను పప్పుకు పోపు పెడుతూ ఉంటే, చేతిలో గరిటె లాక్కుని పక్కన పెట్టాడు.

"ఇగో, ఇటు సూడు. సర్కిల్ కాడికి వచ్చినంక కాదు, రాకముందే ఎటు పోవాల్నో తెల్వాలె. ఎడమకు తిరిగేదుంటే ఎడమ లైను. సీదా పోయేదుంటే నడిమి లైను. కుడికైనా, వాపస్ తిరుగుడైనా లోపలి లైను. ఒక్కపారి లోపటికి పోయినంక లైన్లు దునుకుడు లేదు."

"తప్పు లైన్ల పడితే?"

"పడ్డవ్. ఏమైతది? ఇంకో చుట్టు తిరుగు. ఇంకో చుట్టు తిరిగితే ఎవ్వడు నవ్వడు. నడుమల కోసుకపోతే ఇంటిల్లిపాది ఏడుస్తరు."

"మరి లోపటికి ఎప్పుడు పోవాలె?"

"తిరుగుతున్నోడు నవాబు. బైట ఆగినోడు ఫకీరు. నవాబు దాటినంకనే ఫకీరు అడుగు వెయ్యాలె. నవాబు ఎటుకెల్లి వస్తడు మనకు?"

నేను పళ్ళెం చుట్టూ చేయి తిప్పి చూసుకుని, "కుడిదిక్కు" అన్నాను.

"శెభాష్ టీచరమ్మా. ఎడమకు పొమ్మని చెప్పేటోళ్ళు శాన మంది ఉంటరు. నువ్వు కుడిదిక్కే సూడు. ఖాళీ అనిపిస్తే మళ్ళ సూడు."

బయటికి వచ్చేముందు ఎడమ ఇండికేటర్ వేయాలన్నాడు. వేసినంత మాత్రాన దారి మనదైపోదు, ఎడమ అద్దంలో చింతగింజ ఉందేమో చూసుకోవాలన్నాడు. ఉల్లిగడ్డ పక్కన సమానంగా తిరగొద్దు, దాని ముందు భాగం ఒక దారిలో పోతుంది, వెనక భాగం లోపలికి కోసుకుంటూ వస్తుంది, ముందన్నా ఉండు, వెనకన్నా ఉండు అన్నాడు. ఆ మధ్యాహ్నం పప్పు మాడింది. ఆ ఎల్లిగడ్డ రెబ్బలతోనే మళ్ళీ పోపు పెట్టాను.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. ముందు సీట్లో కూర్చున్నవాడు సగం డ్రైవర్ అనేవాడు. లారీకి క్లీనర్ ఎట్లనో కారుకు పక్క సీటు అట్లనట. ఆయన పక్కన కూర్చుని ఎవరైనా కునుకు తీస్తే, ఎంత పెద్ద సేటైనా సరే, మర్యాదగా వెనక సీట్లోకి పంపేవాడు. ఆయన నడుపుతుంటే నేను ఎడమవైపు చూసి "ఖాళీ" అని చెప్పాలి. నేను నడుపుతుంటే నేర్చుకునేదాన్ని కాబట్టి ఆయన రెండు వైపులా చూసి "ఖాళీ, పో" అనేవాడు. ఆ మాట వినపడ్డాకే నా కాలు బ్రేక్ మీది నుంచి లేచేది. తరువాత తరువాత బడికి ఒక్కదాన్నే పోయి వచ్చేదాన్ని, సర్కిల్ కూడా బాగానే దాటేదాన్ని. అయినా ఆయన పక్కన ఉన్నప్పుడు మాత్రం ఆ మాట కోసం ఆగేదాన్ని. పెళ్ళయి ఇన్నేళ్ళలో మేము ఒకరితో ఒకరం ముద్దుగా మాట్లాడుకున్నది తక్కువ. ఆ రెండు మాటలు నాకు ముద్దుమాటలతో సమానం.

పోయిన ఏడు ఒక పొద్దున, చాయ్ తాగుతుండగా ఆయన కుడిచేతి నుంచి కప్పు జారింది. వంగి తీయబోయి, తీయలేకపోయాడు. ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. నేను ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి దవాఖానకు నేనే నడిపాను. దారి పొడుగునా ఏ చౌరస్తాలో ఎలా తిరిగానో ఇప్పటికీ గుర్తు లేదు.

మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. త్వరగా తెచ్చారు, అదృష్టం అన్నారు. చెయ్యి మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. నడక వచ్చింది. మాటా వచ్చింది, గొంతు మాత్రం కొంచెం మారి బొంగురు పోయింది. పక్కింటి అవ్వ పావురం నెత్తురుతో మాలిష్ చేయిస్తే పూర్తిగా తగ్గుతుందని, పావురాలు తాను తెప్పిస్తానని రోజూ వచ్చి కూర్చునేది.

"అవ్వా, పావురానికి పక్షవాతమొస్తే నా నెత్తురు పూస్తరా?" అని ఈయన అడిగిన రోజు నేను లోపలికి వెళ్ళి, మనిషి మళ్ళీ మనిషయ్యాడని ఏడ్చాను.

దవాఖాన నుంచి పంపేటప్పుడు, కళ్ళ పరీక్ష చేయించి, తాము సరే అన్నాకే బండి నడపమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఈయన కిటికీలోంచి రోడ్డు అవతల ఆగిన ఆటో నంబరు గడగడా చదివి వినిపించాడు. "కండ్లకేమైంది సార్? రోగం చెయ్యికొచ్చింది, కండ్లకు రాలే" అని నవ్వాడు. దూరపు నంబర్ ప్లేటు చదవగలిగితే చాలు, కళ్ళు భేషుగ్గా ఉన్నట్టే. డ్రైవర్లందరూ అలాగే అనుకుంటారు. డ్రైవరు పెళ్ళాన్ని, నేనూ అలాగే అనుకున్నాను. కళ్ళ పరీక్ష అంటే అద్దాలు అంటగట్టడానికే కదా అని వాయిదా వేసుకున్నాము.

మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటాడా, పట్టుకోడా? మా ఇంట్లో అప్పుడు అంతకు మించిన ప్రశ్న లేదు. పొద్దున లేచి కారు తుడిచేవాడు. బ్యాటరీ డౌన్ అవుతుందనే నెపంతో డ్రైవర్ సీట్లో కూర్చుని, బిస్మిల్లా అనుకుని స్టార్ట్ చేసి, కాసేపు ఉండి ఆపేవాడు. అలవాటైన సేట్లు ఫోన్ చేస్తే "వచ్చే నెల వస్త సార్, జర ఓపిక పట్టండ్రి" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా కుడి పిడికిలి మూసి తెరిచి చూసుకునేవాడు. చెయ్యి బాగైతే బండి నడిపినట్టేనని ఆయన లెక్క.

ఆ రోజుల్లోనే కొన్ని చిన్న చిన్న పనులు నాకు కోపం తెప్పించేవి. అన్నం తిని లేస్తే పళ్ళెంలో కుడివైపు వేసిన కూర అట్లాగే ఉండేది. పైగా "ఇయ్యాల కూర వండలేదా?" అని అడిగేవాడు. "కండ్ల ముందట పెట్టుకోని అడుగుతానవ్, వండిన చేతుల్ని అడుగు" అని విసుక్కున్నాను. తలుపు దాటుతూ కుడి భుజం చౌకట్టుకు కొట్టుకునేవాడు. పేపరు చదువుతూ వరుస చివర మాటలు మింగేసి, ఈ పేపరోళ్ళకు తెలుగు రాదని నాకు ఫిర్యాదు చేసేవాడు. నీరసం అనుకున్నాను. ఇంత పెద్ద గండం దాటినవాడికి ఆ మాత్రం ఉండదా అనుకున్నాను. ఒకసారి పళ్ళెం అటుది ఇటు తిప్పి పెట్టాను. మిగిలిన కూర మొత్తం తిన్నాడు. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

పిడికిలికి పట్టు వచ్చిందని తేలాక, ఒక సెలవు రోజు ఉదయం ఆయనే బయలుదేరదీశాడు. మడికొండ అవతల కొత్త వెంచర్లలో రోడ్లు వేసి ఉన్నాయి, ఇళ్ళు ఇంకా లేవలేదు, మనుషులు తిరగరు. అక్కడిదాకా నేను నడపాలి. అక్కడ స్టీరింగ్ ఆయన తీసుకుంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్తరు పూసుకున్నాడు. పెళ్ళిచూపులకు పోతానవా అని నేను ఏడిపిస్తే, "దానికంటె పెద్ద పని" అన్నాడు.

సర్కిల్ వచ్చింది. మేము సీదా పోవాలి. నడిమి లైన్లోకి వచ్చి, గీత దగ్గర ఆగాను. ఆయన ఎడమ సీట్లో ముందుకు వంగి కూర్చుని, చాలా రోజుల తరువాత పని దొరికిన మనిషి ముఖంతో చూస్తున్నాడు.

"ఖాళీ, పో" అన్నాడు.

నా కాలు లేచింది. లేచిన కాలు మళ్ళీ బ్రేక్ మీద పడింది. కుడివైపు నుంచి కంకర టిప్పర్ వస్తోంది. ఎక్కడో దూరంగా కూడా కాదు, మీదికి వచ్చేసింది. కారు కుదుపుతో ఆగింది.

"ఏముందని ఆపినవ్?" అని గట్టిగా అరిచాడు. "ఖాళీ అని చెప్తాన గదా! ఎనకోడు గుద్దుతడు!"

ఆ మాట పూర్తయ్యేలోపే టిప్పర్ మా బానెట్ ముందు నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. అది మా కారుకు సరిగ్గా ఎదురుగా వచ్చాక ఆయన ఉలిక్కిపడి సీటుకు అతుక్కుపోయాడు.

"ఎక్కెల్లి వచ్చిందిది?" అన్నాడు.

వెనక హారన్లు కొడుతున్నారు. నేను కుడివైపు చూసుకుని లోపలికి పోయాను. సీదా పోవాల్సినదాన్ని పోలేదు. అద్దం చూసుకుని లోపలి లైన్లోకి జరిగి, తిన్నె చుట్టూ తిప్పాను. ఎందుకు తిప్పుతున్నానో నాకు తెలుసు. తిరుగుతున్నంతసేపూ ఆ తిన్నె మాకు కుడివైపే ఉంటుంది. దాని మీద నారింజ రంగు జాకెట్ వేసుకున్న ఆడమనిషి ఒకామె పైపు పట్టుకుని గడ్డికి నీళ్ళు పెడుతోంది.

"ఉస్తాద్, నడుమ ఎవలన్న ఉన్నరా?" అన్నాను.

"ఎవలున్నరు? ఎవ్వలు లేరు. సీదా పోకుండ ఎందుకు తిప్పుతానవ్?"

నీళ్ళు మా అద్దం మీద కూడా చిలికాయి. ఆయన వాటిని వాన అనుకుని పైకి చూశాడు.

ఎడమ ఇండికేటర్ వేసి, బయటి లైన్లోకి వచ్చి, వెంచర్ల రోడ్డులోకి మళ్ళి, బాగా పక్కకు తీసి ఆపాను. నాకు మెత్తగా చెప్పడం రాదు. "నడుమ ఒక ఆడామె నీళ్ళు పెడ్తాంది. నారింజ జాకెట్. టిప్పర్ గూడ శాన దూరంకెల్లి కనవడ్డది నాకు" అన్నాను.

ఆయన సీట్లో మొత్తంగా తిరిగి, వెనక అద్దంలోంచి చాలాసేపు చూశాడు. ఆమె కనబడినట్టుంది. మళ్ళీ ముందుకు తిరిగి కూర్చుని, తన కుడిచేతిని నా భుజం దాకా చాపి, వేళ్ళు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చుకున్నాడు. కళ్ళు మాత్రం సూటిగా రోడ్డు మీదే పెట్టాడు. ఆ చేయి ముక్కుకు ఎదురుగా వచ్చేదాకా ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. మళ్ళీ చేశాడు. ఒక కన్ను మూసుకుని చేశాడు, రెండోది మూసుకుని చేశాడు.

"నడుమకొచ్చినంకనే కనవడ్తాంది" అన్నాడు. "చెయ్యి వాపస్ వచ్చిందనుకున్న. చెయ్యి వచ్చింది గని, సూపు అక్కడ్నే ఉండిపోయింది."

ఆ రోజు ఆయన స్టీరింగ్ పట్టుకోలేదు. అడగనూ లేదు. ఖాళీ రోడ్డు ఎదురుగా అలాగే ఉంది.

కంటి దవాఖాన కూడా ఆ రోడ్డు మీదే, సర్కిల్‌కు అవతల ఉంది. రెండు రోజులకు అక్కడికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్నమ్మాయి. గడ్డం ఒక చోట ఆనించి కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. నేను పక్కన నిలబడి చూశాను. ఎడమవైపు చుక్క వెలిగితే టక్కున నొక్కేవాడు, పందెం వేసినట్టు. కుడివైపు చుక్కలు వెలిగి ఆరిపోయేవి. ఆయన బొటనవేలు బటన్ మీద కాచుకుని ఉండేది. అక్కడ నిలబడి చూడడం నావల్ల కాలేదు. చెప్పాలనిపించింది, ఇప్పుడు నొక్కు, ఇప్పుడు నొక్కు అని.

కళ్ళు రెండూ శుభ్రంగానే ఉన్నాయంది. చూసిన దాన్ని అర్థం చేసుకునే చోట మెదడు దెబ్బ తిన్నదట. రెండు కళ్ళకూ కుడి సగం చూపు పోయిందట. ఇన్ని నెలలైంది కాబట్టి తిరిగి రావడం కష్టమంది. తల తిప్పి చూసుకుంటూ నడవడం, చదవడం నేర్చుకోవచ్చు, బండి మాత్రం వద్దు అంది.

ఈయన అడిగాడు. "అమ్మా, నేను సౌదీల నడిపిన. ఆడ అంత ఉల్టా ఉంటది. స్టీరింగ్ ఎడమకు, సర్కిల్ ఎడమకెల్లి తిరుగుతది. బండ్లన్ని ఎడమదిక్కుకెల్లే వస్తయి. ఎడమ నాకు మంచిగ కనవడ్తాంది. గక్కడనైతే నడపొచ్చునా?"

డాక్టరమ్మ ఆయన వైపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "పిల్లలు ఏ దేశంలోనైనా రెండు దిక్కుల నుంచీ ఉరికొస్తారు కదా, అంకుల్" అంది.

"అవునమ్మా. నిజమే" అన్నాడు. ఆమె చల్లగా ఉండాలని దువా చేసి లేచాడు. బయటికి వస్తూ తలుపుకు భుజం కొట్టుకోలేదు. తల పూర్తిగా తిప్పి చూసుకుని, జాగ్రత్తగా దాటాడు.

కారు దగ్గరికి వచ్చాక నేను ముందు తలుపు తీశాను. ఆయన వెనక తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో తన కారులో, స్పృహలో ఉండి, ఆయన వెనక కూర్చోవడం అదే మొదటిసారి. ముందుకు రమ్మని బతిమాలాను, కోప్పడ్డాను. "ముందల కూసున్నోడు పని చెయ్యాలె. నాతోటి ఆ పని కాదు. నడుపు" అన్నాడు. సర్కిల్ దగ్గర ఆగి, రావాల్సిన మాట కోసం నేను అలవాటుగా ఎదురు చూశాను. వెనక నుంచి ఏ మాటా రాలేదు. ఏడుస్తూ ఎలా నడపాలో ఆయన నాకు నేర్పలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కుడివైపు చూసి, మళ్ళీ చూసి, పోయాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నేను గోంగూర ఆకు తెంపుతున్నాను. ఆయన నాకు ఎడమపక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. కేసముద్రంలో పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి. ఈయన ఆ కుటుంబాన్ని ఎన్నిసార్లు ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాడో. ఉమ్రా యాత్రకు మక్కా పోయినప్పుడు కూడా ఈయన కారే కావాలన్నాడు.

"అస్సలాము అలైకుం బేటా. బుధవారం ఎయిర్‌పోర్టుకు పోవాలె. వచ్చే నెల వచ్చే నెల అంటివి. ఈపారి నువ్వే రావాలె, ఇంకోని బండి నేను ఎక్క."

ఈయన సలాముకు బదులు చెప్పాడు. వచ్చే నెల అంటాడనుకుని నేను ఆకు తెంపుతూనే ఉన్నాను.

"ఆ డ్రైవర్ చనిపోయిండు చాచా" అన్నాడు.

బొంగురుపోయిన గొంతు కాబట్టి ఆ పెద్దమనిషి పోల్చుకోలేదు. ఫోన్‌లోనే ఆ చాచా మెల్లగా "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్" అని చదివాడు. మనమందరం అల్లాహ్‌వాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి పోయేవాళ్ళం అని. చావు కబురు వింటే మేము చదివే మాట అది. పక్కన ఎవరైనా చదివితే మనమూ చదవాలి. మా ఆయన కూడా కళ్ళు మూసుకుని ఆయనతో పాటు చదివాడు.

నా చేతిలో కట్ట జారి పడింది.

"మంచోడు బేటా. అసుమంటి డ్రైవర్ మళ్ళ దొరకడు" అంటున్నాడు ఫోన్‌లో పెద్దమనిషి. "మా ఇంటామెకు బండెక్కితే కడుపుల తిప్పుతది. అతని బండ్ల మాత్రం నిద్ర పోయేది. అంత పెద్ద సర్కిల్ల తిరిగినా తిరిగినట్టు తెల్వకపోయేది. నువ్వెవరు బేటా?"

"తమ్మున్ని."

"ఇంట్ల ఆమె ఎట్లున్నది?"

ఆయన తల తిప్పాడు. నేను కూర్చున్నది ఆయనకు కుడివైపు. నన్ను చూడాలంటే ఇప్పుడు మొత్తం ముఖం నా వైపు తిప్పాలి. తిప్పి, నన్ను చూస్తూ చెప్పాడు.

"ఉన్నది చాచా. మంచిగున్నది. పోయే ముందు ఆమెకు బండి నేర్పి పోయిండు. నాకంటె మంచిగ నడుపుతది."

"అల్లాహ్ ఆమెకు సబర్, ఓపిక ఇయ్యాలె."

"ఆమీన్" అన్నాడు మా ఆయన.

ఫోన్ పెట్టేశాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. బతికున్న మనిషివి, నా కండ్ల ముందట కూసోని, నోరెట్ల వచ్చిందని అరిచాను. భుజం పట్టి గుంజాను. పక్కింటి అవ్వ తొంగి చూసినా నేను ఆపలేదు. ఆయన నన్ను అరవనిచ్చాడు.

"బాగలేదంటే ఎప్పుడు బాగైతవ్ అని అడుగుతరు" అన్నాడు చివరికి. "అందరికి వచ్చే నెల వచ్చే నెల అని చెప్పి చెప్పి నాకు నోరు నొస్తాంది. పోయిండంటే మళ్ళ అడగరు. అయినా అది చావుకే చదువాల్నా? ఏది పోయినా చదువుతరు గదా. నువ్వు టీచర్‌వు, నీకు తెల్వదా?"

నాకు తెలుసు. చిన్నప్పుడు చెప్పు తెగినా, పలక పగిలినా మా అమ్మ చదివించేది. ఏ నష్టానికైనా ఆ మాట చదవొచ్చు. నేను ఆయన పక్కకు జరిగి, ఆయనకు కనిపించే వైపు వచ్చి కూర్చున్నాను. బతికి, ఊపిరి తీస్తూ, భుజం తగిలేంత దగ్గరగా ఉన్న నా భర్త కోసం నేను కూడా పైకి చదివాను.